ఆంగ్లవిద్యకు గీటురాయి: రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు

తిరువూరు కూడలిలో ఉదయము ఏడుగంటల వేళ నిలుచున్నవారికి పసుపుపచ్చని బడిబస్సులు వరుసగా కానవచ్చును. మామిడితోటల నడుమనుండి, ప్రత్తిచేల ప్రక్కనుండి, సరిహద్దున కావలనున్న తెలంగాణపు పల్లెలనుండి గూడ పిల్లలు వానిలో నెక్కి ఇంగ్లీషు బడులకు పోవుచున్నారు. కౌలుకు దున్నుకొను రైతు మొదలుకొని పదియెకరముల తోటగల ఆసామివఱకు అందఱి కోరికయు నొక్కటియే: "మావాడికి ఇంగ్లీషు రావలెను." పంట చేతికందిన యేడు ఆ పైకముతోను, అందని యేడు అప్పుతోను రుసుములు చెల్లించుచున్నారు. ఈ కోరిక తప్పని మేమనము. పైరుమీద నమ్మకము సడలిన తండ్రి కొడుకునకు మఱియొక దారి చూపనెంచుట సహజము.

2019వ సంవత్సరము నవంబరులో రాష్ట్రప్రభుత్వము తన పాఠశాలలయందు ఒకటవ తరగతినుండి ఆఱవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమమును తప్పనిసరి చేయుచు ఉత్తరువు వెలువరించినది. 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ కొలది మాసములలో దేశమంతట వాదప్రతివాదములు చెలరేగినవి. తల్లిభాషను తోసివేయుదురా యని యొకరు, పేదవాని బిడ్డకు ఇంగ్లీషు వలదా యని మఱియొకరు. ఇరువురి మాటలోను న్యాయము కలదు. కాని ఆ కోలాహలములో ఒక ప్రశ్న మాత్రము సరిగా వినబడలేదు. ఇంగ్లీషు వచ్చిన పిదప ఆ మనుష్యుడు ఏమి కావలెను? ఆ చదువు వానియందేమి మిగుల్చవలెను?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు మేము దూరదేశములకు పోనక్కఱలేదు. తిరువూరు 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినదిగాని, అంతకుముందు కృష్ణాజిల్లాలోనిదే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము బందరు. బెజవాడలో కళాశాల లేని ఆ కాలమున పైచదువు కోరిన కృష్ణాజిల్లా కుఱ్ఱవానికి చూపు సాగినది బందరు నోబులు కళాశాలవైపు. 1843లో రాబర్టు నోబులు అను మతబోధకుడు నెలకొల్పిన పాఠశాల అది, కాలక్రమమున కళాశాలయైనది. 1890 ప్రాంతపు దశకమున అందు ఆంగ్లసాహిత్యము బోధించిన ఉపాధ్యాయుడు బందరు బిడ్డడే. ఆయనయే రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు. ఆంగ్లసాహిత్యమునే జీవనవృత్తిగా గైకొని, ఆ సాహిత్యమును నడతగా మార్చుకొన జూచిన ఆంధ్రులలో అగ్రగణ్యులు. వారి చరిత్రము మనకు ఆదర్శమా, హెచ్చరికయా యని యడిగినచో రెండును అని చెప్పవలసి యుండును. కావుననే దానిని నేడు మఱల చదువుట అవసరమని మా తలంపు.

వెంకటరత్నముగారు 1862 అక్టోబరు 1వ తేదీన బందరులో జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యములో సుబేదారు. తండ్రి కొలువు మూలమున బాల్యము చాలవఱకు ఆంధ్రదేశము వెలుపల గడచినది. ఉర్దూ, హిందీ, పారసీక భాషలు ఆ పసితనముననే యబ్బినవి. పిమ్మట హైదరాబాదులో చదివి, ఆపైని మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. ఆ కళాశాలలో వారికి దొరకిన గురువు స్కాట్లండు దేశీయుడైన విలియము మిల్లరు. 1891లో వెంకటరత్నముగారు ఆంగ్లసాహిత్యములో ఎం.ఏ. పట్టము పొందిరి.

ఈ తేదీని చదువరులు ఒక్కక్షణము గమనింతురుగాక. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆంగ్లసాహిత్యమునకు ప్రత్యేకశాఖ యేర్పడినది 1894లో. కేంబ్రిడ్జిలో దానికి ప్రత్యేకపరీక్ష యేర్పడినది 1917లో. అక్కడి పెద్దలు గ్రీకు లాటినులే విద్యయని తలంచుచు, తమ తల్లిభాషలోని కావ్యములకు పరీక్షయేల యని సంశయించుచున్న దినములలో, మదరాసులో బందరు యువకుడొకడు ఆ కావ్యములయందే ఉన్నతపట్టము పొందెను. 1835లో మెకాలే వ్రాసిన నివేదిక పిదప ఆంగ్లసాహిత్యము మనదేశమున పాలకుల పనిముట్టుగా ప్రవేశించినది. రంగున భారతీయుడును రుచిని ఆంగ్లేయుడును అగు మధ్యవర్తిని తయారు చేయుట దాని యుద్దేశము. ఈ విషయమును మఱచి ఆ విద్యను పొగడుట తగదు. కాని పనిముట్టు ఎవరి చేత పడినను చేయించినవాని పనియే చేయునని నియమము లేదు. కొడవలి చేసినవాడు కమ్మరి. కోత మాత్రము పట్టినవాని చేతిలోనిది.

మిల్లరు చేతిలో షేక్‌స్పియరు ఎట్టి రూపు ధరించెనో తెలిసినచో వెంకటరత్నముగారి బోధనమునకు మూలము బోధపడును. మిల్లరు షేక్‌స్పియరు నాటకములపై వరుసగా చిన్న పుస్తకములు వ్రాసినాడు. 'లియరురాజు'ను గూర్చిన పుస్తకమునకు భారతరాజకీయములతో ముడిపెట్టి పేరుంచినాడు. 'మాక్బెత్తు'ను గూర్చిన దానికి ఆత్మల వినాశమనియు, 'హామ్లెట్టు'ను గూర్చిన దానికి జీవితము వ్యర్థమగుటయనియు పేర్లు. ఈ పేళ్ళు చాలును, ఆయన పఠనపద్ధతి యెట్టిదో తెలియుటకు. పద్యములోని యలంకారము, పదముల పుట్టుక, పాఠభేదములు ఇవి ఆయనకు ద్వారములు. లోపలి గది మాత్రము మనుష్యుని నడత. రామాయణమును పురాణకాలక్షేపముగా విని, "రామునివలె నడువుము, రావణునివలె నడువకుము" అని పిల్లలకు చెప్పుకొన్న జాతికి ఈ పద్ధతి వింతది కాదు. మన పౌరాణికుడు చేసిన పనినే మిల్లరు కళాశాలగదిలో చేసెను. వెంకటరత్నముగారు దానిని తెలుగుగడ్డకు దెచ్చిరి.

మదరాసు పచ్చయప్ప కళాశాలలోను, బందరు నోబులు కళాశాలలోను ఆంగ్లాచార్యులుగా పనిచేసి, 1899లో సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రధానాచార్యులై, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చిరి. పదునైదేండ్లు, 1919వఱకు, ఆ కళాశాలకు ప్రధానాచార్యులు. ఆ పదునైదేండ్లే వారి జీవితములో శిఖరము. ఆడపిల్ల గడపదాటుటయే అపచారమనుకొను దినములలో ఆ కళాశాలలో బాలికలను బాలురతో గూడ చేర్చుకొనిరి. పంచములని దూరముగ నుంచబడిన కుటుంబముల పిల్లలను చేరదీసి, వారి చదువునకు వసతి కల్పించిరి. తమ జీతములో అధికభాగము పేదవిద్యార్థులకే వ్యయించిరని వారి శిష్యులందఱును చెప్పుకొనిరి. భార్య యౌవనముననే గతింపగా మఱల వివాహమాడక, తెల్లని దుస్తులు దాల్చి, ప్రార్థనమును బోధనమును తప్ప మఱియొక వ్యసనము లేక జీవించిరి. బ్రహ్మసమాజమును నమ్మినవారు, విగ్రహమును, కులమును, వితంతువునకు విధించిన శిక్షను అంగీకరింపనివారు. జనులు బ్రహ్మర్షియని పిలిచిరి.

పిఠాపురపు మహారాజా సూర్యారావు బహద్దరుగారు వారికి శిష్యుడు. జమీందారీ దివాణములలో ఆచార్యుడనగా పండుగనాడు శాలువ కప్పించుకొని పోవువాడని ఆనాటి వాడుక. ఈ ఆచార్యుని మాట మాత్రము దివాణపు ఖజానాను కదల్చినది. కాకినాడలో అనాథశరణాలయము వెలసినది. కళాశాలకు విరాళములు కలిగినవి. భూస్వాములైన మా పాఠకులు ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ఆస్తిగలవాడు చదువుకొన్నవానిని పోషించుట మన దేశమున పూర్వాచారమే. పోషించినవానికే పాఠము చెప్పి, వాని సొమ్మును దిక్కులేని బిడ్డలకు మరల్చుట మాత్రము అరుదు.

ఇంతవఱకు స్తుతి. ఇకమీద వారి చరిత్రములో మనకు నొచ్చు భాగములు. వానిని దాచినచో ఈ వ్యాసము శ్రద్ధాంజలి యగును గాని చరిత్రము కాజాలదు.

మొదటిది భోగము మేళముల మాట. శీలశుద్ధికై వెంకటరత్నముగారు సాగించిన ఉద్యమములో మద్యనిషేధముతోపాటు భోగము మేళముల నిషేధము ముఖ్యమైనది. 1893లో మదరాసు సంఘసంస్కర్తలు, భోగము మేళములు జరుగు విందులకు పోవలదని వైస్రాయిని మదరాసు గవర్నరును విజ్ఞప్తిపత్రముతో వేడుకొనిరి. పాలకులు ఒప్పుకొనలేదు, తాము చూచిన యాటలో తప్పేమియు కనబడలేదని చెప్పి తప్పించుకొనిరి. ఆంగ్లనీతిగ్రంథములు చదివిన ఆంధ్రుడు ఆంగ్లప్రభువునకు నీతి నేర్పబోవుట, ప్రభువు దానిని త్రోసిపుచ్చుట! దీనిని చదివినచో నవ్వును వచ్చును, గర్వమును కలుగును.

కాని అదేకాలమున, అదేవిషయమును మఱియొక ఆంగ్లపండితుడు వేఱుగా చూచుచుండెను. గురజాడ అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న జన్మించిరి. వెంకటరత్నముగారికంటె పదిదినములు పెద్ద. విజయనగరము మహారాజావారి కళాశాలలో ఉపన్యాసకులు. ఆంగ్లములో కవిత్వము వ్రాసి మెప్పు పొందినవారు. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడిన 'కన్యాశుల్కము'లో వారు వేశ్యయైన మధురవాణికి నాటకమంతటిలో తెలివైన బుద్ధిని, జాలిగల హృదయమును ఇచ్చిరి. మేళములను ద్వేషించు సౌజన్యారావు పంతులుగారి మంచితనమును చూపుచునే, ఆ మంచితనములోని బిగువును గూడ చూపిరి. ఉద్యమము గెలిచినది, 1947లో మదరాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును చట్టముచే నిషేధించినది. అది కావలసిన చట్టమే. బాలికను ఆమె యిష్టము తెలియకయే ఒక వృత్తికి అంకితము చేయుట అన్యాయము. కాని ఆట పాట నేర్చిన ఆ స్త్రీలకు మేళము పోయిన పిదప అన్నమెట్లు దొరకవలెనను చింత సంస్కర్తల ప్రసంగములలో చాలినంతగా కానరాదు. తప్పును ద్వేషించుటలో తప్పునకు లోబడినవారి ముఖము మఱుగుపడుట నీతివాదికి ఎల్లప్పుడును పొంచియున్న ప్రమాదము. ఒకే చదువు చదివి, ఒకే సంవత్సరమున పుట్టిన ఇరువురిలో నొకరికి ఆంగ్లసాహిత్యము న్యాయాధిపతి దృష్టి నిచ్చినది. మఱియొకరికి నాటకకర్త దృష్టి నిచ్చినది. సంఘమునకు రెండును కావలెను. రెండవది లేని మొదటిది కఠినమగును.

రెండవది భాష. అప్పారావుగారు తాము చదివిన దానినంతయు తెలుగువాని నోటిమాటలోనికి దింపిరి. వెంకటరత్నముగారు గొప్ప వక్త. ఆ వక్తృత్వము ప్రధానముగా ఆంగ్లమున ప్రవహించినది. వారి శిష్యులు వి. రామకృష్ణారావుగారు సంపుటములుగా కూర్చి ప్రకటించిన వారి ఉపన్యాసములు ఆంగ్లములో నున్నవి. సుబేదారు బిడ్డడు నాలుగైదు భాషలు నేర్చి, తాను పుట్టిన జిల్లాలోని రైతునకు అర్థముకాని భాషలో తన సందేశమును భద్రపఱచెను. తిరువూరు పల్లెలో నొక ముసలిరైతు 'కన్యాశుల్కము'లోని గిరీశమును గూర్చి నవ్వుకొనగలడు. వెంకటరత్నముగారి పేరు చెప్పినచో ఎవరని యడుగును. ఇది రైతు లోపము కాదు. విద్వాంసుడు జనుల భాషను విడిచినందుకు కాలము విధించిన జరిమానా.

మూడవది బిరుదము. 1919 మే మాసములో, జలియన్‌వాలాబాగు ఘాతుకమునకు నిరసనగా రవీంద్రనాథఠాకూరు తమ 'సర్' బిరుదమును త్యజించిరి. అయిదేండ్లకు, 1924లో, వెంకటరత్నముగారు ఆ బిరుదమును స్వీకరించిరి. 1925 మొదలు 1928వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. వారి కాలముననే, 1926లో, ఆంధ్రవిశ్వవిద్యాలయము వేఱుగ వెలసినది. దానికి తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. రెండు విశ్వవిద్యాలయములకును ఒక్కసారిగ ఆంధ్రులే ఉపాధ్యక్షులగుట మనకు సంతోషము. కాని రెడ్డిగారు 1930లో ప్రభుత్వపు అణచివేతకు నిరసనగా తమ పదవిని విడిచిరి. నాయుడుగారు ప్రభుత్వముతో అట్టి తగవు పెట్టుకొన్నవారు కారు. రాజకీయస్వాతంత్ర్యమునకు ముందు శీలస్వాతంత్ర్యము రావలెనని వారి మతము. ఈ మతము సంపూర్ణముగ సరియైనది కాదని చరిత్రయే తేల్చినది. సంకెలలోనున్నవానిని ముందు సద్గుణవంతుడవు కమ్మనుట సులభము. సంకెల యూడదీయుటయు సద్గుణములలో నొకటియే యని గ్రహించుట కష్టము.

ఈ మూడింటిని లెక్కలోనికి తీసికొని, ఆ పుటకు ఎదుట నున్న పుటను త్రిప్పుదము.

నోబులు కళాశాలలో వెంకటరత్నముగారి యెదుట కూర్చుండిన విద్యార్థులలో ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య అను ఇరువురు కలరు. మొదటివారు 1907లో బందరు 'కృష్ణాపత్రిక'కు సంపాదకులై, 1945లో కన్నుమూయువఱకు ఆ పీఠమును విడువక, తెలుగు వచనమునకు తేజము నిచ్చిరి. రెండవవారు బందరులో వైద్యవృత్తి చేయుచు దానిని విడిచి కాంగ్రెసులో ప్రవేశించి, 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించి, 1935లో కాంగ్రెసు చరిత్రమును ఆంగ్లమున రచించి, 1948లో జయపురపు కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. కోపల్లె హనుమంతరావుగారితో కలిసి ఈ ఇరువురును 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిరి. తమకు చదువు చెప్పిన కళాశాల యున్న పట్టణముననే, ఆ చదువునకు ప్రత్యామ్నాయముగా చేతిపనిని, దేశభాషను, దేశచరిత్రమును కలిపి చెప్పు కళాశాలను నిలిపిరి! గురువు ప్రభుత్వముచే 'సర్' అయ్యెను. శిష్యుడు ప్రభుత్వముచే కారాగృహమున కంపబడెను. గురువు ఆంగ్లమున నీతిని బోధించెను. శిష్యుడు ఆ ఆంగ్లముతోనే సామ్రాజ్యముపై అభియోగపత్రమును వ్రాసెను. అయినను శిష్యులు గురువును నిందింపలేదు. సత్యమని తోచినదానిని నష్టమునకు వెఱవక చేయవలెనను పాఠము వారు చదివినది ఆ గదిలోనే. పాఠము గురువు గీచిన గీటును దాటి పోయినది. మంచిపాఠము అట్లే పోవును.

కాకినాడకు వచ్చినను అంతే. ఆ కళాశాలలో చేరి వెంకటరత్నముగారి ప్రభావమునకు లోనైనవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కలరు. గుడిపాటి వెంకటచలముగారు కలరు. శాస్త్రిగారు ఆంగ్ల భావకవుల వేదనను తెలుగు పద్యములో పలికించి 1925లో 'కృష్ణపక్షము' ప్రకటించిరి. చలముగారు యౌవనమున బ్రహ్మసమాజములో తిరిగి, పిమ్మట స్త్రీస్వేచ్ఛను గూర్చి ఆంధ్రదేశమంతయు ఉలికిపడునట్లు వ్రాసిరి. శీలశుద్ధిని బోధించిన ఆచార్యుని నీడనుండి 'మైదానము' వ్రాసిన కలము బయలుదేరుటను చూచి కొందఱు పరిహసింతురు. మాకు మాత్రము అది పరిహాసముగా తోచదు. ఆడుదానికి జరుగుచున్న అన్యాయమును చూచి మిన్నకుండరాదని ఆచార్యుడు చెప్పెను. మిన్నకుండని శిష్యుడు ఆచార్యునకు నచ్చని మాటలే పలికెను. శిష్యుడు తన ప్రతిధ్వనియే కావలెనని కోరువాడు గురువు కాజాలడు.

ఇందుకు విరుద్ధమైన యుదాహరణమొకటి చెప్పినచో విషయము మఱింత స్పష్టమగును. 1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి వందేమాతరమును మ్రోగించిన సమయమున, రాజమహేంద్రవరపు ప్రభుత్వకళాశాలకు ప్రధానాచార్యుడు మార్కు హంటరు. ఆయనయు ఆంగ్లసాహిత్యపండితుడే, విద్యార్థులకై షేక్‌స్పియరు నాటకములను వ్యాఖ్యలతో ప్రకటించినవాడు. 'జూలియసు సీజరు'లో నియంతకు లొంగని రోమనుల మాటలకు అర్థతాత్పర్యములు వ్రాసినవాడు. ఆ పండితుడే వందేమాతరపు చిహ్నము రొమ్మున ధరించిన బాలురను దండించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి వెడలగొట్టబడిరి. పుస్తకములో స్వాతంత్ర్యమును వ్యాఖ్యానించుట వేఱు. తన వరండాలో అది వచ్చి నిలిచినపుడు గుర్తుపట్టుట వేఱు. విద్య వ్యాఖ్యవద్దనే నిలిచిపోయినచో ఎంతటి పండితుడైనను ఇట్లే యగును.

ఈనాడు సాహిత్యపండితుని గొప్పను అచ్చుపడిన పుస్తకములతో కొలుతురు. ఆ కొలత యందును మనకు లోటులేదు. 1947 మొదలుకొని వాల్తేరులో ఆంధ్రవిశ్వవిద్యాలయపు ఆంగ్లశాఖకు ఆచార్యులైన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగారుగారు, భారతీయులు ఆంగ్లమున వ్రాసిన సాహిత్యమునకు 1962లో సమగ్రచరిత్ర రచించి, ఆ శాస్త్రమునకు పునాది వేసినవారిలో ప్రముఖులైరి. 1966 నుండి 1968 వఱకు ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులైరి. అట్టి పాండిత్యమును తక్కువచేయుట మూర్ఖత. అయ్యంగారుగారి గ్రంథము గ్రంథాలయములో నుండును; దానిని తెఱచినవానికెల్ల విద్య లభించును. వెంకటరత్నముగారి గ్రంథము అట్లు అలమరలో దొరకదు. అది పత్రికాకార్యాలయములలో, కారాగృహములలో, కవితలలో, అనాథశరణాలయపు వాకిటిలో చెల్లాచెదరుగా నున్నది. దానిని చదువవలెననినచో ఆ శిష్యుల జీవితములను చదువవలెను.

వెంకటరత్నముగారు 1939 మే 26వ తేదీన దివంగతులైరి. స్వాతంత్ర్యమును వారు చూడలేదు. చూచియుండినచో తమ విద్యార్థి కాంగ్రెసు అధ్యక్షపీఠమున కూర్చుండుటయు చూచియుందురు.

మఱల తిరువూరు కూడలికి వత్తము. బడిబస్సు కదలిపోయినది. తండ్రి రోడ్డుప్రక్కన నిలిచి చూచుచున్నాడు. ఆ బిడ్డకు ఇంగ్లీషు వచ్చును, సందేహము లేదు. వెంకటరత్నముగారి కాలమున బహుకొలదిమందికే వచ్చిన భాష నేడు చేతిలోని ఫోనులోనే దొరకుచున్నది. ఇంగ్లీషు వచ్చుటయే ఘనతయగు కాలము పోయినది. కావున తండ్రులు బడివారిని అడుగవలసిన ప్రశ్నలు మాఱవలెను. "మా పిల్లవాడు గడగడ మాటలాడునా?" అని మాత్రమే అడిగి ఊరకుండవలదు. ఆ బడిలో పాలేరు బిడ్డయు ఆసామి బిడ్డయు ఒకే బల్లమీద కూర్చుందురా యని అడుగుడు. ఆడపిల్ల చదువు పెండ్లిసంబంధమునకు మెట్టుగా చూడబడుచున్నదా, ఆమె బ్రతుకునకు వెలుగుగా చూడబడుచున్నదా యని అడుగుడు. ఇంగ్లీషులో చదివిన మంచిమాటను ఇంటికివచ్చి అమ్మమ్మకు తెలుగులో చెప్పగలడా యని అడుగుడు. ఉపాధ్యాయుని మాట తప్పని తోచినపుడు వినయముతో ఎదురుచెప్పుటకు వానికి ధైర్యము నేర్పుచున్నారా యని అడుగుడు.

ఈ నాలుగు ప్రశ్నలలో మొదటి రెంటికి వెంకటరత్నముగారి జీవితమే సమాధానము. మూడవదానికి వారు తప్పిరి. అచ్చట మనకు అప్పారావుగారు గురువు. నాలుగవదానికి సమాధానము వారి శిష్యులు. గురువు పోయిన చోటికెల్ల శిష్యులు పోలేదు. గురువు పోలేని చోటికి శిష్యులు పోయిరి. ఆంగ్లసాహిత్యాచార్యుడొకడు ఆంధ్రదేశమునకు చేయగలిగిన మేలు ఇంతకంటె వేఱొకటి మాకు తోచదు.

కాలవ చివరి పొలమునకు నీరు చేరినప్పుడే కాలవ త్రవ్వినవాని కష్టము ఫలించినట్లని తిరువూరు రైతునకు మనము చెప్పనక్కఱలేదు. తలగట్టున తూము తెఱచినంత మాత్రమున పైరు పండదు. విద్యయు నంతే. మెకాలే తెఱచిన తూమునుండి వచ్చిన నీటిని బందరు బిడ్డడొకడు పట్టి, తన చేతనైనంతవఱకు దిక్కులేనివారి చేలకు మరల్చెను. కొన్ని చేలు ఎండిపోయినవి. ఆ లోపము మనకు తెలిసినది. మిగిలిన కాలవను త్రవ్వుట నేటి వారి పని.